ఎన్‌లార్జ్ అంటే ఫోటోనా, బెయిలా, గడువా?

లా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మా బంధువు బెయిల్ ఆర్డర్‌లో ‘షల్ బి ఎన్‌లార్జ్డ్ ఆన్ బెయిల్’ అని ఉంది. మనకు తెలిసిన ఎన్‌లార్జ్ ఫోటో పెద్దది చేయించడమే కదా! ఇక్కడ విడుదల అని అర్థమవుతోందిలెండి. పరారీలో ఉన్నవాణ్ణి ‘ఎట్ లార్జ్’ అనడమూ ఈ కోవలోదేనా?

అసలు టెన్షన్ వేరే సివిల్ కేసు గురించి. పత్రాలు దాఖలు చేయమని కోర్టు ఇచ్చిన గడువు దాటిపోయింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148 ప్రకారం, గడువు ముగిశాక కూడా కోర్టు దాన్ని ఎన్‌లార్జ్ చేయొచ్చు, అంటే పొడిగించొచ్చు, కానీ మొత్తం 30 రోజులు మించకూడదు. ఆ 30 రోజులు ఎప్పటినుంచి లెక్కేస్తారు? మన చేతిలో లేని కారణముంటే సెక్షన్ 151 (కోర్టుకు సహజంగా ఉండే అధికారాల సెక్షన్) కింద ఇంకా గడువు అడగొచ్చని 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తున్నారు. అలా ఎవరికైనా దొరికిందా? పిటిషన్‌లో ఏ కారణం రాశారు?