అప్‌డేట్: ఉమ్మడి గుర్రం గొడవ తీరింది

పర్లాకిమిడిలో బాబాయి, నేను ఆడే చదరంగంలో ఇద్దరం కదపగలిగే గుర్రం ఒకటి పెట్టుకున్నామని, నేను ముందుకు వేస్తే ఆయన వెంటనే వెనక్కి లాగేస్తున్నారని, ఆట తెగడం లేదని అడిగాను కదా. మీరు చెప్పినట్టే, అవతలివాళ్లు ఇప్పుడే కదిపిన గుర్రాన్ని ఆ మరుసటి ఎత్తులో ముట్టకూడదని రూలు పెట్టాం. ఆట మారిపోయింది! గుర్రాన్ని ఆయన ఏనుగు మీదికి గురిపెట్టాక నేను వేరే ఎత్తు వేశానంటే, అదే గుర్రంతో ఆయన నా బంటును లేపేస్తారు, ఆ టెన్షనే నాకు భలే నచ్చింది.

ఒకరు చెప్పిన డక్ చెస్ కూడా ఆడాం, 2016లో టిమ్ పాల్డెన్ తయారుచేసిన ఆట, మామూలు చదరంగానికి ఇద్దరూ కదిపే బాతు బొమ్మ ఒకటి తోడవుతుంది. బాతు బొమ్మకి బదులు సోడా మూత పెట్టాం. ప్రతి ఎత్తు తర్వాత దాన్ని ఇంకో ఖాళీ గడికి మార్చి తీరాలి, అది దేన్నీ చంపదు, దారికి అడ్డం మాత్రం పడుతుంది, గుర్రాలు దాని మీంచి దూకొచ్చు. చెక్ ఉండదు, రాజును చంపేయడమే. బాబాయికి ఇదే ఇష్టం, నా ఓటు మాత్రం గుర్రానికే.