పదహారేళ్లప్పుడు చేసిన మొక్కుబడి

పదో తరగతి సెలవుల్లో దేవరకొండ యూత్ మీటింగుల్లో చేయెత్తి, బతుకంతా ప్రభువు సేవకే అని మొక్కుకున్నా. ఇప్పుడు 34, మిర్యాలగూడ రైస్‌మిల్లులో లెక్కలు రాస్తున్నా, ఇద్దరు పిల్లలు. ఆ రోజు సంతకం పెట్టిన కార్డు ఇంకా బైబిల్లోనే ఉంది, అంచులు పసుపెక్కాయి. ఉద్యోగం మానేయాలా?

— మొక్కుకుని తీర్చకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని బైబిల్లో ప్రసంగి గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది కదా తమ్ముడూ. శంషాబాద్ బైబిల్ కాలేజీలో అడిగి చూడు.

— ఆ వాక్యంతో భయపెట్టకండన్నా. అపొస్తలుడు పౌలు కొరింథు పట్టణంలో డేరాలు కుడుతూనే సువార్త చెప్పాడు, బైబిల్లో అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చూడండి. మా పెద్దమ్మ జడ్చర్లలో నర్సు, ఒక్కసారి కూడా చర్చిలో ప్రసంగ వేదిక ఎక్కలేదు, కానీ నైట్ డ్యూటీలో రోగి చేయి పట్టుకుని ప్రార్థన చేసేది, మరి అది సేవ కాదా?

— అవన్నీ సరే, ఇంట్లో మీ ఆవిడకు చెప్పావా తమ్ముడూ?

— లేదక్కా. కార్డు కూడా చూపించలేదు.