సీపీడీకి గంటల లెక్క ఎత్తేస్తే నయమా?

సైట్ ఇంజినీరు:
నిర్మాణ రంగంలో చాలా సంఘాల్లో సభ్యత్వం నిలవాలంటే ఇన్ని గంటలు నేర్చుకున్నట్టు చూపాలి, అదే సీపీడీ (కంటిన్యూయింగ్ ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్). నిన్న వెబినార్ పెట్టుకుని, కెమెరా ఆపేసి, కాంట్రాక్టర్ బిల్లులు చెక్ చేసుకున్నాను. చివర్లో సర్టిఫికెట్ వచ్చేసింది! ఈ గంటల లెక్క ఎత్తేస్తే నయం అంటాను.

క్వాలిటీ కంట్రోల్:
ఎత్తేస్తే మనల్ని క్లాసుకు ఎవరు పంపుతారండీ? స్లాబ్ వేసే వారంలో సెలవిచ్చే మేనేజర్ ఎక్కడున్నాడు? "రూల్ ఉంది సార్" అనడానికైనా ఆ అంకె కావాలి. కాకపోతే ఏటా కాకుండా, ఇంజినీర్స్ ఆస్ట్రేలియా అనే సంఘంలో లాగా మూడేళ్లకు 150 గంటలని పెడితే, పని ఎక్కువున్న ఏడాది తగ్గినా తర్వాత సర్దుకోవచ్చు.

స్ట్రక్చరల్ డిజైనర్:
గంటలు ఉండనివ్వండి, ఆ గంటలో ఏం చెప్తున్నారన్నదే నా గొడవ. నేను కూర్చున్న క్లాసుల్లో సగం వాటర్‌ప్రూఫింగ్ సరుకు అమ్ముకునేవాళ్లవే.

నాకు పనికొచ్చిన క్లాసు ఒక్కటే. అందులో ఒకాయన చెప్పిన సంగతి ఇది. 1981లో కాన్సాస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. ఒకదాని కింద ఒకటిగా ఉన్న రెండు వంతెనలూ పైకప్పు నుంచి దిగే ఒకే రాడ్లకు వేలాడాలని మొదట అనుకున్నారు. తర్వాత ఒక్కో రాడ్డును రెండు ముక్కలు చేశారు. దాంతో కింది వంతెన పై వంతెన బీములకే వేలాడింది, పై బీముల దగ్గర నట్ల మీద భారం రెట్టింపైంది. ఆ మార్పుకు లెక్క మళ్లీ వేసినవాళ్లు లేరు.

ఇది చెప్పి ఆ క్లాసు తీసుకున్నాయన, "ఈ నెలలో మీరు ఒప్పుకున్న షాప్ డ్రాయింగ్ (తయారీదారు గీసే వివర డ్రాయింగ్) మార్పు ఒకటి తెండి" అన్నారు. వచ్చిన ఆరింటిలో రెండింటికి లెక్కల్లేవు. ఒకటి నాదే.

సైట్ ఇంజినీరు:
అంటే సర్టిఫికెట్ బదులు, మన పనిలో ఏం మార్చుకున్నామో చూపమనాలా?

క్వాంటిటీ సర్వేయర్:
అదీ కాగితమే అవుతుంది సార్. చెక్‌లిస్ట్ కాపీ కొట్టడం ఎంతసేపు? ఎదురుగా కూర్చోబెట్టి పావుగంట అడిగితే తేలిపోతుంది. అడిగేవాడికి టైమ్ ఎవరిస్తారన్నదే చిక్కు.

క్వాలిటీ కంట్రోల్:
ఆ పావుగంటను ఇద్దరి ఖాతాలోనూ సీపీడీగా రాయండి. అప్పుడు ఎందుకు రారు?

సైట్ ఇంజినీరు:
ఎత్తేయమన్న మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. నిన్నటి సర్టిఫికెట్ మాత్రం పంపడం లేదు, సిగ్గుగా ఉంది.