పూల అంథోని గారిని 'తొలి దళిత కార్డినల్' అనడం సబబేనా?

విశ్వాసి_కడప:
2022 ఆగస్టు 27న రోములో ఫ్రాన్సిస్ పోపు గారి చేతుల మీదుగా పూల అంథోని గారు కార్డినల్ (పోపును ఎన్నుకునే ఉన్నత హోదా) అయ్యారు. ఇప్పటికీ ఎవరు రాసినా 'తొలి దళిత కార్డినల్' అనే మొదలుపెడతారు. 1992లో మా కడప మేత్రాసనానికి (ఒక బిషప్పు కింది ప్రాంతం) గురువు, అంటే ఫాదరు, అయ్యారు. 2008లో కర్నూలు మేత్రాణులు (బిషప్పు) అయ్యారు. 2020లో హైదరాబాదు అగ్రపీఠానికి ఆర్చిబిషప్పుగా నియమితులయ్యారు. ఇంత సేవ వదిలేసి కులం ఎత్తడం ఆయన్ని తక్కువ చేసినట్టే. తొలి తెలుగు కార్డినల్ అంటే చాలదా?

ఉపదేశి_కొడుకు:
అన్నా, మీ గౌరవం అర్థమైంది గానీ ఒప్పుకోలేను. మా ఊళ్లో గుడి ఒక్కటే, సమాధుల దొడ్లు మాత్రం రెండు. మా నాన్న ముప్పై ఏళ్లు అందరి పిల్లలకూ జపాలు నేర్పించి, చివరికి ఈ పక్క, దళితుల దొడ్లోనే పడుకున్నాడు. కులం మేం ఎత్తితే వచ్చింది కాదు.

భారత మేత్రాణుల సమాఖ్యే 2016లో దళిత సాధికారత విధానం ప్రకటించి, కాథలిక్ సభలో (చర్చిలో) వివక్ష ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. దేశంలో సుమారు 1.9 కోట్ల కాథలిక్కులుంటే 1.2 కోట్ల మంది దళితులని అందులోనే ఉంది. సగం కంటే ఎక్కువ మంది మేమైనప్పుడు, మాలోంచి ఒకరు కార్డినల్ కావడానికి 2022 దాకా ఎందుకు పట్టింది? చిందుకూరులో పుట్టి, పేదరికంతో చదువే ఆగిపోయే స్థితిలో మిషనరీల సాయంతో పైకొచ్చిన మనిషి ఆయన. ఆ సాయం అందని పిల్లలు ఎందరో.

సికింద్రాబాద్_పాఠకురాలు:
మారంపూడి జోజి గారిని మరిచిపోకండి. 2000లోనే హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు, దేశంలో ఆ స్థాయికి చేరిన తొలి దళితుడు ఆయనే. 2010లో కన్నుమూశారు. ఆయన తర్వాత కింద ఏం మారిందన్నదే నా ప్రశ్న. మేత్రాణుల ఎంపికంతా గోప్యం. దేశంలో ఉండే పోపు రాయబారి గారి కార్యాలయం ఎవరెవరినో రహస్యంగా అడుగుతుంది, పేర్లు రోముకు వెళతాయి, పోపు గారు నియమిస్తారు. ఎవరిని అడిగారో, ఎవరి పేరు ఎందుకు ఆగిందో విశ్వాసులకు తెలియదు. అలాంటప్పుడు ఒక్క నియామకం చూసి న్యాయం జరిగిందని ఎలా అంటాం?

గుంటూరు_వకీలు:
సభను ఒక్కదాన్నే అంటే ఎలా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు ఈనాటికీ లేదు. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవులైన వాళ్లకిచ్చే బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషనే గతి. గుళ్లో దళితుడే, తహసీల్దారు ఆఫీసులో మాత్రం కాదు.

విశ్వాసి_కడప:
వకీలు గారూ, అది నిజమే. అయినా పీఠం మీద కూర్చున్నాక ఆయన అందరి కాపరి. రాయలసీమలో రెడ్డి కాథలిక్కుల కుటుంబాలు 18వ శతాబ్దం నుంచీ ఉన్నాయి, వాళ్లూ ఆయన మందే. పొద్దస్తమానం కులం పేరే వింటే వాళ్లు దూరమవరా?

ఉపదేశి_కొడుకు:
దూరమవుతారనే భయంతోనే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాం అన్నా. కాపరి అందరివాడైతే దొడ్డి కూడా అందరిదీ కావాలి కదా. 2025 మేలో కొత్త పోపు గారిని ఎన్నుకున్న కార్డినళ్ల సమావేశంలో ఆయన ఓటు వేశారు, నాకెంతో గర్వం. మేత్రాణులు 75 ఏళ్లకు రాజీనామా ఇవ్వాలి కాబట్టి ఆయనకు 2036 దాకా సమయముంది. ఈలోగా ప్రతి మేత్రాసనం సెమినరీలో ఎవరి పిల్లలున్నారో, పెద్ద విచారణలు (ఒక గురువు చూసే గుడి, దాని ఊళ్లు) ఎవరికిస్తున్నారో, బడులూ ఆసుపత్రులూ ఎవరి చేతుల్లో ఉన్నాయో ఏటా బయటపెట్టమని అడుగుతున్నా. మా దొడ్ల మధ్య గోడ కూల్చమని విచారణ గురువులకు అర్జీ రాశాం, సంతకాలు పెడుతున్నారు.