నలుగురు మిగిలినప్పుడు ముక్కలు పారేస్తూ కూర్చోవడం సరైనదేనా?

ఎడిసన్‌వాసి:
నేను ఉండేది న్యూజెర్సీలో. ఇక్కడ లైసెన్సు ఉన్న సైట్లలో 2013 నుండి ఆన్‌లైన్ పోకర్ ఆడవచ్చు. నేను ఆడేవి పదిమంది కూర్చునే సిట్ అండ్ గో టోర్నమెంట్లు, అంటే కుర్చీలు నిండగానే మొదలయ్యే పోటీలు. ప్రవేశానికి 10 డాలర్లు, సైటు రుసుము 1 డాలరు, మొదటి ముగ్గురికి 50, 30, 20 డాలర్ల బహుమతులు. ఇటువంటి ఆటలో చివరిదాకా నిలిచి ఉండటమే అసలు వ్యూహమని నా నమ్మకం.

నలుగురు మిగిలి, అందరి దగ్గరా సమానంగా చిప్స్ (పందెపు బిళ్లలు) ఉన్నాయనుకుందాం. అప్పుడు ఒక్కొక్కరి స్థానం విలువ 25 డాలర్లు. ఎవరైనా ఆల్ ఇన్ అని తమ చిప్స్ అన్నీ పందెం పెట్టినప్పుడు, కాల్ చేసి, అంటే మనమూ అంతే పందెం కట్టి, గెలిస్తే చిప్స్ రెట్టింపవుతాయి గానీ, చిప్స్‌ను బహుమతి డబ్బు విలువలోకి మార్చే ఐసీఎం లెక్క ప్రకారం స్థానం విలువ 38 డాలర్ల 33 సెంట్ల దగ్గరే ఆగిపోతుంది. ఓడితే చిల్లిగవ్వ రాదు. అంటే, బ్లైండ్లను (ప్రతి పంపకంలో ఇద్దరు వంతులవారీగా ముందే పెట్టాల్సిన తప్పనిసరి పందేలను) పక్కన పెడితే, నూటికి 65 సార్లకు పైగా గెలిచే ముక్కలు ఉంటే తప్ప కాల్ చేయకూడదు. ఎదుటివారు ముక్కలు చూడకుండానే చిప్స్ అన్నీ తోసేసినా (ఆల్ ఇన్ అన్నా), మన చేతిలోని ఇస్పేటు ఆసు, ఆఠీను రాజు గెలిచే అవకాశం దాదాపు 65 శాతమే. ఈ పోరులో ఒకరు వెళ్లిపోతే, పక్కన ఊరకే కూర్చున్న ఇద్దరికీ చెరి 5 డాలర్ల 83 సెంట్ల విలువ కలిసివస్తుంది.

పూల్‌రమ్మీ:
ఎడిసన్‌వాసి గారూ, మీ లెక్క సరైనదే, కానీ దానినుండి మీరు తేల్చిన మాటను ఒప్పుకోలేను. మన ఇళ్లలో 101 పూల్ రమ్మీ (101 పాయింట్లు పడ్డవారు వెళ్లిపోయే ఆట) ఆడినవారికి ఇది తెలుసు: మొదటే డ్రాప్ చేస్తే, అంటే ఆ పంపకం ఆడకుండా వదులుకుంటే, పడేది 20 పాయింట్లే, కానీ వరుసగా అయిదు డ్రాపులతో 100 చేరుతుంది, ఆరోదానితో ఆట నుండి వెళ్లిపోతాం. పోకర్‌లో బ్లైండ్లు 100, 200 ఉన్నప్పుడు 1500 చిప్స్ ఉన్నవారి పరిస్థితి కూడా అంతే, ఎందుకంటే ఒక్కో చుట్టుకు 300 పోతాయి. పైగా నలుగురే ఉంటే నాలుగు పంపకాలకే చుట్టు పూర్తవుతుంది కాబట్టి చేతిలో ఉన్నవి 20 పంపకాలు మాత్రమే, వాటిలో పదుల జత గానీ అంతకు పెద్ద జత గానీ ఆసు-రాజు గానీ ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు సగమే.

బహుమతుల సంగతీ చూడండి. వంద ఆటల్లో 40 సార్లు మూడో స్థానమే వస్తే చేతికందేది 800 డాలర్లు, ఖర్చు 1100. అదే మూడు స్థానాలూ తలా 12 సార్లు వస్తే, బహుమతి దక్కింది 36 సార్లే అయినా 1200 వస్తాయి. మూడో స్థానం కోసం పాకులాడటం నష్టాన్ని నెమ్మదిగా చవిచూడటమే.

(భారతదేశం నుండి చదువుతున్నవారికి ఒక మనవి: 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అక్కడి నుండి దయచేసి ప్రయత్నించవద్దు.)

నాలుగోకుర్చీ:
కాల్ చేయడాన్నీ ముందుగా తోయడాన్నీ మీరిద్దరూ ఒకే గాటన కట్టారు. మనల్ని కాల్ చేయనీయని ఆ 65 శాతం ఎదుటివారినీ అంతే గట్టిగా ఆపుతుంది. కాబట్టి ముందుగా ఆల్ ఇన్ అన్నవారికి తరచుగా పోటీయే ఉండదు. 1500 చిప్స్ ఉన్నవారు ఆ 300 బ్లైండ్లను ముక్కలు చూపకుండానే తీసుకుంటే 1800 అవుతాయి. అయితే ఎవరి మీదికి తోస్తున్నామన్నది ముఖ్యం. మనకంటే కొంచెం తక్కువ చిప్స్ ఉండి, మూడో స్థానం మీద ఆశ పెట్టుకున్నవారి బ్లైండ్లే అనువైనవి. ఓడినా ఆటలో మిగిలే పెద్ద స్టాక్ (ఎక్కువ చిప్స్ ఉన్నవారి) మీదికి సాధారణ ముక్కలతో వెళ్లకూడదు.

ఎడిసన్‌వాసి:
నాలుగోకుర్చీ గారూ, ఈ తేడాను నేను ఇంత స్పష్టంగా ఆలోచించలేదు. అయినా నాకొక అభ్యంతరం మిగిలి ఉంది. మీ పద్ధతి ఎదుటివారికి ఆ లెక్క తెలిసినప్పుడే పనిచేస్తుంది. నేను ఆడే 10 డాలర్ల ఆటల్లో ఆసు కనబడితే చాలు, పక్క ముక్క ఏదైనా కాల్ చేసేవారు కనిపిస్తూనే ఉంటారు. వారు చేసేది తప్పే కావచ్చు, కానీ ఆ తప్పుకు వారితోపాటు నేనూ మూల్యం చెల్లిస్తాను, లాభం మాత్రం పక్కనున్న ఇద్దరిది. అందుకే ఇకపై చివరి నలుగురిలో ఎవరు ఏ ముక్కలతో కాల్ చేశారో ప్రతి ఆటలోనూ రాసిపెట్టుకుంటాను. ఫోల్డ్ చేయగలవారి (ముక్కలు పారేయగలవారి) మీదికి మీరు చెప్పినట్టు తోస్తాను, చేయలేనివారి ముందు నా పాత పద్ధతినే పాటిస్తాను.