కోచ్‌ని ఎలా ఎంచుకోవాలి? ఎవరైనా సూటిగా చెప్పండి ప్లీజ్

మొండిఘటం:
సాయంత్రం నుంచి ఇదే పని. ఏ వెబ్‌సైట్ తెరిచినా అదే వరస. చెవికి మైకు, చేతులు కట్టుకుని నవ్వుతున్న ఫొటో, కింద "సర్టిఫైడ్ కోచ్". ఒకాయన లైఫ్ కోచ్ అంటాడు, ఇంకొకావిడ బిజినెస్ కోచ్ అంటుంది, మరొకాయన రెండూ తానే అంటాడు. వేలమంది జీవితాలు మార్చేశామని అందరూ రాసుకున్నారు. ఎవరు పనికొస్తారో, ఎవరు మాటలతో కాలక్షేపం చేస్తారో ఎలా తెలుస్తుంది? బుర్ర వేడెక్కిపోయింది. నేను తొందరగా తేల్చాలి. "గూగుల్ చేయండి" అని మాత్రం అనకండి, చేసి చేసి విసిగే ఇక్కడికొచ్చాను.

రెండుముక్కల్లో:
దేనికి కోచ్?

మొండిఘటం:
ఎదుగుదలకండీ. అందరూ దేనికి పెట్టుకుంటారో దానికే.

పాత హెచ్‌ఆర్:
ముందు "సర్టిఫైడ్" సంగతి తేల్చుకోండి. ఎవరు సర్టిఫై చేశారని అడగండి. కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి చాలా దేశాల్లో లైసెన్సు అక్కర్లేదు. డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టు చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండదు. ఉన్నవి వృత్తి సంఘాలు ఇచ్చే గుర్తింపులే. వాటిలో ఎక్కువమందికి తెలిసింది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, 1995లో మొదలైంది. అది ఇచ్చే గుర్తింపులో మూడు మెట్లు, కింది నుంచి పైకి ఏసీసీ, పీసీసీ, ఎంసీసీ. ఏసీసీకి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. పీసీసీకి శిక్షణ 125, అనుభవం 500. ఎంసీసీకి 200, 2,500. పరీక్ష రాయాలి, మూడేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి. గుర్తింపు నిజంగా ఉందో లేదో వాళ్ల సైట్లో పేరు కొట్టి చూసుకోవచ్చు. యూరోపియన్ మెంటరింగ్ అండ్ కోచింగ్ కౌన్సిల్ కూడా ఇలాంటి గుర్తింపులు ఇస్తుంది. శని, ఆదివారాల్లో క్లాసు విన్నవాళ్లకి ఇచ్చే సర్టిఫికెట్టూ సర్టిఫికెట్టే కదా, అందుకని చెప్తున్నా. మా కంపెనీలో పీసీసీ లేనివాళ్ల ఫైలు ముట్టుకునేవాళ్లమే కాదు.

తర్కం:
గంటల లెక్కతో ఏమొస్తుంది సార్? 500 గంటలు కోచింగ్ చేసినాయన ఒక్క నెల కూడా జీతాలు ఇచ్చి ఉండకపోవచ్చు. జీతాల రోజు ఖాతాలో డబ్బు లేకపోతే ఎలా ఉంటుందో తెలియనివాడు వ్యాపారస్తుడికి ఏం చెప్తాడు?

పాత హెచ్‌ఆర్:
చెప్పడం అతని పని కాదండీ. అడగడం అతని పని. తను నడిచిన దారి చూపించేవాడు మెంటర్. మీ లెక్కలు చూసి ఫలానాది మార్చండని రాసిచ్చేవాడు కన్సల్టెంట్. కోచ్ మీ చేత మీరే తేల్చుకునేలా చేస్తాడు. బ్రిటన్ కోచ్ జాన్ విట్‌మోర్ ప్రచారంలోకి తెచ్చిన గ్రో పద్ధతి అదే కదా, నాలుగు ప్రశ్నలు. ఏం సాధించాలి, ఇప్పుడు ఎక్కడున్నారు, ఎన్ని దారులున్నాయి, వాటిలో ఏది ఎప్పుడు చేస్తారు.

తర్కం:
అంటే నా ప్రశ్న నన్నే అడిగి ఫీజు తీసుకుంటారన్నమాట.

పాత హెచ్‌ఆర్:
మీలాంటివాళ్లని అడిగేవాడు లేకే సగం వ్యాపారాలు పోతున్నాయి.

మొండిఘటం:
అయ్యా, మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. నాకు నచ్చిన ప్రోగ్రామ్ ఒకటుంది, తీసుకోవచ్చా లేదా?

చిట్టాపద్దు:
ఏ ప్రోగ్రామ్? ఎంతకాలం? డబ్బు నెలనెలా కట్టాలా, మొత్తం ముందే కట్టాలా?

మొండిఘటం:
ఏడాదికండీ. మొత్తం ముందే. ఈ రాత్రి 12 లోపు కడితే డిస్కౌంట్. ఫ్రీ కాల్‌లో మాట్లాడినావిడ చాలా బాగా మాట్లాడింది. "ఇంకా దేనికోసం ఆగుతున్నారు? మీ మీద మీకే నమ్మకం లేదా?" అనడిగింది. నిజమే అనిపించింది.

రెండుముక్కల్లో:
కట్టొద్దు.

చిట్టాపద్దు:
ఆవిడ కోచా, సేల్స్ మనిషా? అగ్రిమెంట్ పంపారా? రద్దు గురించి ఏముందో ఇక్కడ పెట్టండి.

మొండిఘటం:
కోచ్ ఆవిడ కాదు, సార్‌తో తర్వాత మాట్లాడిస్తారట. అగ్రిమెంట్‌లో ఇలా ఉంది: "సెషన్లను సంస్థ నియమించిన ఏ కోచ్ అయినా నిర్వహించవచ్చును. క్లయింట్ ఏ కారణముచేత విరమించుకున్నను చెల్లించిన రుసుము తిరిగి ఇవ్వబడదు." ఇవి మామూలుగా అందరూ పెట్టేవే కదా?

చిట్టాపద్దు:
మొదటి వాక్యం మళ్లీ చదవండి. ఫొటోలో ఉన్న సార్ మీకు దొరుకుతాడని అందులో ఎక్కడా లేదు. రెండోది ఆయన దొరక్కపోయినా డబ్బు రాదంటోంది. మీరు చెప్పింది బయటికి పొక్కదన్న మాట ఉందా? ఎన్ని సెషన్లు, ఒక్కోటి ఎంతసేపు, మీరు రాలేకపోతే ఏమవుతుంది, ఇవి ఉన్నాయా? లేకపోతే అది రసీదు మాత్రమే. మూడు నెలలకి రాసుకుని, నచ్చితే పొడిగించుకునే కోచ్‌లు చాలామంది ఉన్నారు.

నీలిమబ్బు:
నేను ఒక కోచ్ దగ్గరికి వెళ్లాను కాబట్టి చెప్తున్నా. మొదటి మాటల్లోనే ఒక నిజమైన చిక్కు చెప్పి చూడండి, చిన్నదైనా సరే. ఎవరు ఎక్కువ మాట్లాడారో గమనించండి. నా మొదటి గంటలో ఆవిడ నాలుగు మాటలే అంది, నేను నోరు మూయలేదు. చివర్లో "మీకు ముందు కావాల్సింది నేను కాదేమో" అనడానికి కూడా వెనకాడలేదు. పాత క్లయింట్ల పేర్లు గబగబా చెప్పేస్తే కూడా అనుమానించండి, రేపు మీ పేరూ అలాగే చెప్తారు. ఇంకో మాట, ఏమీ అనుకోకండి. నిద్ర పడుతోందా? కోచ్ థెరపిస్ట్ కాదు. మనసు బాగా కుంగిపోయి ఉంటే అది వేరే వాళ్ల పని, మంచి కోచ్ అయితే తనే అటు పంపిస్తాడు.

మొండిఘటం:
నిద్ర ఎలా పడుతుందమ్మా. వ్యాపారం నేనూ మా బావమరిదీ సగం సగం. కొంతకాలంగా మాటల్లేవు. లెక్కలడిగితే "నా మీద నమ్మకం లేదా" అంటాడు. పాత మనుషులు ఒక్కొక్కరే మానేస్తున్నారు. నా మైండ్‌సెట్ మారితే అన్నీ సర్దుకుంటాయని ఫ్రీ కాల్‌లో ఆవిడ అంది.

రెండుముక్కల్లో:
ఇది మొదటి పోస్టులో ఉండాల్సింది.

చిట్టాపద్దు:
మైండ్‌సెట్ సంగతి తర్వాత. ముందు పార్ట్‌నర్‌షిప్ డీడ్ తీయండి. లెక్కలు చూసే హక్కు భాగస్వామిగా మీకు ఉంటుంది. ఆ లెక్కలు రాతపూర్వకంగా అడగండి. ఆ తర్వాత అకౌంటెంటా, లాయరా, కోచా అన్నది తేలుతుంది.

పాత హెచ్‌ఆర్:
ఒకటి మర్చిపోతున్నారు. కోచ్ ఫీజు వ్యాపారం ఖాతాలోంచి కడితే, అక్కడ జరిగిన మాటల్లో ఏది బావమరిదికి తెలియాలి, ఏది తెలియకూడదు అన్నది ముందే రాసుకోవాలి. ఫెడరేషన్ నియమావళి దీని మీద స్పష్టంగా ఉంది. ఇద్దరికీ కలిపి కోచింగ్ ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లలో ఎంసీసీ ఉన్నవాళ్లని చూసుకోండి.

తర్కం:
మళ్లీ ఎంసీసీ. బావా బావమరుదుల గొడవకి 2,500 గంటల మనిషి కావాలా సార్? ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెడితే చాలదా?

నీలిమబ్బు:
ఆ పెద్దవాళ్లు ఎవరి వైపు మాట్లాడతారో మీకు తెలియదా?

తర్కం:
అది నిజమే. అయినా ఆ 2,500లో ఊరికే ఫ్రీగా చేసినవి కూడా కలుపుకుంటారా? అలాగైతే ఎవరైనా చేసేయొచ్చు.

మొండిఘటం:
ఇప్పుడే మళ్లీ ఫోన్ చేశారు. డిస్కౌంట్ ఆదివారం దాకా పెంచారట 🙂 లెక్కలు అడుగుతూ వాడికి మెయిల్ పెట్టాను. థాంక్సండీ అందరికీ.

పాత హెచ్‌ఆర్:
తర్కం గారికి: కలుపుకుంటారు, కానీ 2,250 గంటలు ఫీజు తీసుకుని చేసినవే అయి ఉండాలి. పీసీసీ 500లో అయితే 450.

తర్కం:
ఫీజు ఎంత ఉండాలని ఎక్కడైనా రాశారా?