1970 డాడ్జ్ ఛాలెంజర్: అరుదైన ఫ్యాక్టరీ ఆప్షన్లు ఉంటే తుప్పు పట్టిన కారుకు విలువ వస్తుందా?

సుబేదారి_నివాసి (హనుమకొండ):

అందరికీ నమస్కారం. నేను విశ్రాంత ఉద్యోగిని. మా పాత అంబాసిడర్‌ను ఇరవై రెండేళ్లు నడిపిన అనుభవం తప్ప కార్ల గురించి నాకు పెద్దగా తెలియదు. మా అబ్బాయి అమెరికాలో, డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. వాడు అద్దెకుంటున్న ఇంటి యజమాని ఎనభై దాటిన పెద్దాయన. ఆయన షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా కదలకుండా పడి ఉన్న 1970 డాడ్జ్ ఛాలెంజర్‌ను 18,000 డాలర్లకు అమ్ముతానన్నారట. మన లెక్కలో పదిహేను లక్షల పైమాటే. ఇంటి మీద రెండో అంతస్తు స్లాబు కోసం పంపుతానన్న డబ్బును మావాడు ఈ కారులో పెడతానంటున్నాడు కనుక, తండ్రిగా నాకు ఈ ప్రశ్న అడగక తప్పడం లేదు.

కారులో ఉన్నది 318 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్. అది బిగుసుకుపోయింది, తిరగడం లేదు. కాళ్లు పెట్టుకునే చోట రేకులో చెయ్యి దూరేంత రంధ్రాలు ఉన్నాయి. అయితే పెద్దాయన చెప్పే మాట వేరు. ఇది ఎస్‌ఈ (స్పెషల్ ఎడిషన్) రకమట. తోలు సీట్లు, చిన్న వెనుక అద్దం, లోపలి కప్పుకు హెచ్చరిక దీపాల పెట్టె, పవర్ విండోలు, పైన నల్లటి వినైల్ (ప్లాస్టిక్ తోలు) తొడిగిన కప్పు, వీటన్నిటితో పాటు 'ప్లమ్ క్రేజీ' అనే ఊదా రంగు, అన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవేనట. "ఇవన్నీ కలిసి ఉన్న బండి ప్రపంచంలో మరొకటి దొరకదు" అని ఆయన అంటున్నారు. ఆప్షన్లు అరుదైనవైతే ఇంత పాడైన కారుకు కూడా నిజంగా విలువ ఉంటుందా? కారును ఇక్కడికి తెచ్చే ఆలోచన లేదు. బాగుచేయించి అక్కడే ఉంచుకోవడమో, అమ్మడమో చేస్తాడు.

ఆటోనగర్_వరంగల్:

సార్, నేను అమెరికా కార్లను ఎప్పుడూ ముట్టుకోలేదు. కానీ పాత రాజ్‌దూత్ 350 బండ్లను బాగుచేసి అమ్మిన అనుభవం ఉంది కనుక ఆ మేరకు చెబుతాను. 1983 నుంచి 1989 వరకు తయారైన ఆ బండిలో హెచ్‌టీ, ఎల్‌టీ అని రెండు రకాలు ఉన్నాయి. హెచ్‌టీకి 30.5 హార్స్‌పవర్, ఎల్‌టీకి 27. కొనేవాళ్లంతా హెచ్‌టీనే అడుగుతారు. నర్సంపేట వైపు ఒక మిల్లు గోదాములో వడ్ల బస్తాల వెనుక పడి ఉన్న హెచ్‌టీ దొరికిందని నేను రెట్టింపు ధర పెట్టి తెచ్చాను. తెచ్చి విప్పిన తరువాత చూస్తే అసలు కార్బురేటర్లు లేవు, సైలెన్సర్లు ఎవరో కోసి వెల్డింగ్ చేశారు, క్రాంకు తుప్పు పట్టి రాయిలా తయారైంది. హెచ్‌టీ అన్న పేరు విని కొనేవాళ్లు షాపు దాకా వచ్చారు, అది నిజమే. వచ్చిన ప్రతి ఒక్కరూ లేని సామాను ఒక్కొక్కటి లెక్కగట్టి ధర తగ్గించి అడిగారు, అదీ నిజమే. చివరికి సామాను వేటకు పెట్టిన డబ్బుతో పూర్తిగా బాగున్న ఎల్‌టీ ఒకటి వచ్చేది.

అప్పటి నుంచి నేను ఒకే లెక్క వేస్తున్నాను. అదే రకం బండి పూర్తిగా బాగైతే ఎంతకు అమ్ముడుపోతుందో ముందు తెలుసుకొని, అందులోంచి పని ఖర్చు మొత్తం తీసేస్తే మిగిలేదే ఇప్పుడున్న స్థితిలో దాని ధర. మిగిలేది సున్నా కంటే తక్కువైతే బేరం చేయడం కూడా దండగే.

పరకాల_నుంచి_మిషిగన్:

నమస్కారం సార్. మాది పరకాల. పదిహేనేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, మోపార్ కార్ల పిచ్చి ఉన్నవాణ్ణి. డాడ్జ్, ప్లిమత్, క్రైస్లర్ కార్లన్నిటినీ కలిపి ఇక్కడ మోపార్ అంటారు. ఆటోనగర్ అన్న చెప్పిన లెక్క ఈ కారుకు కూడా అచ్చంగా సరిపోతుంది. అయితే ఆ లెక్కలో ఆప్షన్లు ఎక్కడ కూర్చుంటాయన్నదే మీ ప్రశ్న కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మజిల్ కారుకు, అంటే పెద్ద ఇంజన్ పెట్టి వేగం కోసం చేసిన ఆ కాలపు అమెరికా కారుకు, విలువ తెచ్చే మొదటి విషయం ఇంజన్. 1964లో పాంటియాక్ వాళ్లు మధ్యరకం కారులో 389 ఘనపు అంగుళాల ఇంజన్ పెట్టి జీటీఓ పేరుతో అమ్మినప్పటి నుంచి ఈ కార్లను జనం కోరుకున్నది వేగం కోసమే. అందుకే 426 హెమీ అనే అతి శక్తివంతమైన ఇంజన్‌తో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు తుప్పు పట్టినా, ఇంజన్ పోయినా, దాని కాగితాలకూ ఫ్యాక్టరీ నంబరు పలకకూ కొనేవాళ్లు ఉంటారు. ఏనుగు బతికున్నా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నట్టు దాని సంగతి వేరు. డజనుకు మించి తయారు కాని 1971 ప్లిమత్ 'హెమీ కుడా' కన్వర్టిబుల్ (కప్పు మడిచే కారు) ఒకటి 2014 వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. కానీ 318 ఇంజన్, అప్పటి లెక్కలో 230 హార్స్‌పవర్‌తో, ఇంట్లో రోజువారీ వాడకానికి తీసుకున్న ఇంజన్. దాని చుట్టూ ఎన్ని పవర్ విండోలు పెట్టినా ఆ ఏనుగు కాదు.

ఇంకో మాట. "ఇలాంటిది ఒక్కటే ఉంది" అన్న మాటను ఎవరు చెప్పినా సగానికి సగం తగ్గించి వినండి. రంగు, సీట్లు, కప్పు, కిటికీలు, గేరు, రేడియో అంటూ ఒక్కొక్క షరతు కలుపుకుంటూ పోతే ఆ కాలపు ఏ కారైనా చివరికి ఒక్కటే మిగులుతుంది, ఎందుకంటే అప్పట్లో కొనేవాళ్లు చిట్టీలో ఒక్కొక్కటీ టిక్కు పెట్టి తమకు కావలసినట్టు తయారు చేయించుకునేవారు. అరుదుగా ఉండడం ఒకటి, దాన్ని పదిమంది కోరుకోవడం ఇంకొకటి. ఎవరికీ అక్కర్లేక అరుదైనవి కూడా చాలా ఉన్నాయి.

మీరు చెప్పిన వాటిలో రంగుకు మాత్రం నిజంగా గిరాకీ ఉంది. ప్లమ్ క్రేజీ అసలు రంగే అయితే కొనేవాళ్ల కళ్లు అక్కడే ఆగుతాయి. దాన్ని నిర్ధారించుకోవడం సులువే. ఇంజన్ గదిలో ఎడమవైపు ఫెండర్ లోపలి రేకుకు ఒక చిన్న తగరపు పలక బిగించి ఉంటుంది. దాని మీద ఎఫ్‌సీ7 అని ఉంటే ఆ రంగు, పీ31 అని ఉంటే పవర్ విండోలు, వీ1ఎక్స్ అని ఉంటే నల్ల వినైల్ కప్పు. వెనుక సీటు స్ప్రింగుల్లో ఒక్కోసారి కారుకు ఏమేం బిగించాలో రాసి ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన బ్రాడ్‌కాస్ట్ షీటు అనే కాగితం కూడా దొరుకుతుంది. ఎలుకలు కొట్టేయకుండా అది మిగిలి ఉంటే, పెద్దాయన చెప్పే మాటలన్నిటి కంటే దానికే ఎక్కువ బరువు.

ఇక అసలు భయం తుప్పు. ఈ కారుకు మన పాత మహీంద్రా జీపుకున్నట్టు వేరే ఛాసిస్ ఉండదు. బాడీ రేకే ఛాసిస్. ముందు చక్రాల టార్షన్ బార్లు (స్ప్రింగుల పని చేసే కడ్డీలు) వెనుక ఆనుకునే అడ్డ దూలం, కింద పొడవునా వెళ్లే రెయిళ్లు పోతే అది డెంటింగ్, పెయింటింగ్ పని కాదు, కారును నిలువునా కోసి మళ్లీ అతికించాల్సిన పని. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక ఇక్కడి కార్లకు ఈ జబ్బు మరీ ఎక్కువ. పైగా పెద్దాయన గొప్పగా చెప్పిన ఆ వినైల్ కప్పే రెండో శత్రువు. దాని కింద నీరు చేరి ఆరదు, వెనుక అద్దం చుట్టూ, కప్పు అంచుల వెంబడి రేకును లోపలి నుంచి తినేస్తుంది. పైకి నల్లగా నిగనిగలాడుతున్నా వేలితో నొక్కితే కరకరమని శబ్దం వచ్చే కప్పులు నేను చూశాను. అంటే ఆయన విలువ అనుకుంటున్న ఆప్షనే ఖర్చు పెంచే ఆప్షన్ కావచ్చు.

మీ అబ్బాయిని ముందు డ్యాష్‌బోర్డు మీద, డ్రైవరు వైపు అద్దం కింద ఉన్న ఫ్యాక్టరీ నంబరును (రిజిస్ట్రేషన్ నంబరు కాదు) ఫోటో తీసి పంపమనండి. అందులో అయిదో అక్షరం ఇంజన్ ఏదో చెబుతుంది: జీ అయితే 318, హెచ్ అయితే 340, ఆర్ అయితే హెమీ. మొదటి నాలుగు జేహెచ్29 అయితే అది నిజంగా ఎస్‌ఈ.

గోదావరిఖని_77:

ఇవన్నీ తరువాత. ముందు టైటిల్ కాగితం ఆ పెద్దాయన పేరుతో ఉందా, బాకీ ఏదీ లేదా అన్నది చూసుకోమనండి సార్. ఇక్కడ ఆర్సీ లేని బండి ఎంత మంచిదైనా పాత ఇనుమే కదా.

కరీంనగర్_పాతబండి:

పరకాల తమ్ముడు చెప్పినదానిలో చాలా వరకు ఒప్పుకుంటాను కానీ, ఆప్షన్లను మరీ తేలికగా తీసేశారనిపించింది. అప్పట్లో ఎవరికీ అక్కర్లేనిదే ఇప్పుడు బంగారమైన ఉదాహరణలు ఉన్నాయి. 1969లో షెవర్లే వాళ్లు అల్యూమినియం 427 ఇంజన్‌తో జెడ్‌ఎల్1 కమారో అనే కారును 69 మాత్రమే తయారు చేశారు. ఇంజన్ ఒక్కదాని ధరే కారు ధరను మించిపోవడంతో డీలర్ల దగ్గర అవి చాలాకాలం అమ్ముడుపోలేదు. ఆ కార్లే ఇప్పుడు మ్యూజియంలో పెట్టుకునే స్థాయికి చేరాయి. కనుక ఈ రోజు గిరాకీ లేదని రేపూ ఉండదని చెప్పలేము.

రెండో విషయం, విడి సామాను. ఎస్‌ఈకి మాత్రమే వచ్చే చిన్న వెనుక అద్దం, దాని చుట్టూ రేకు, లోపలి దీపాల పెట్టె, తోలు సీట్లు మామూలు ఛాలెంజర్ నుంచి తెచ్చి పెట్టుకునేవి కావు. వేరే ఎస్‌ఈని బాగుచేసుకుంటున్నవాడికి అవే కావాలి. కారు మొత్తంగా బతకకపోయినా ఈ సామాను ధర ఉంటుంది. ఆ లెక్కలో చూస్తే అరుదైన ఆప్షన్ అంటే సున్నా కాదు, చిల్లర కూడా కాదు.

పరకాల_నుంచి_మిషిగన్:

అన్నా, జెడ్‌ఎల్1 ఉదాహరణ నా మాటకే బలం ఇస్తుందని నేననుకుంటున్నాను. అది అప్పట్లో అమ్ముడుపోకపోవడానికి కారణం ధర, ఇప్పుడు ఖరీదు కావడానికి కారణం ఇంజన్. పవర్ విండో వల్ల అలా పెరిగిన కారును నేను చూడలేదు. విడి సామాను మాట మాత్రం ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు.

రుజువుల విషయంలో మోపార్ వాళ్లు ఒక రకంగా అదృష్టవంతులే. నంబరులోనే ఇంజన్ తెలుస్తుంది. ఫోర్డ్ కారైతే 1967 నుంచి ఉన్న ఫ్యాక్టరీ లెక్కల ఆధారంగా మార్టీ రిపోర్టు తెప్పించుకోవచ్చు, పాంటియాక్‌కు ఫ్యాక్టరీ బిల్లుల నకళ్లు ఇచ్చే పీహెచ్‌ఎస్ అనే సంస్థ ఉంది. అమెరికాలో అమ్మిన పాత షెవర్లేకు అలాంటి దారి లేదు. కారుతో వచ్చిన కాగితాలు పోతే ఇక వాదనలే మిగులుతాయి.

సుబేదారి_నివాసి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మావాడు ఈ ఉదయం ఫోటోలు పంపాడు. టైటిల్ పెద్దాయన పేరుతోనే ఉంది, బాకీ ఏమీ లేదు. తగరపు పలక మీద ఎఫ్‌సీ7 స్పష్టంగా కనిపిస్తోంది, పీ31 కూడా ఉంది. కానీ నంబరు చూసి నాకు అయోమయం కలిగింది. అది జేహెచ్29ఎన్0బీ అని మొదలవుతోంది. అయిదో అక్షరం జీ కాదు, ఎన్. బ్రాడ్‌కాస్ట్ షీటు దొరకలేదు, సీటులో ఎలుక గూడు మాత్రం ఉందట. వినైల్ కప్పు వెనుక మూలను వేలితో నొక్కితే మీరన్న శబ్దమే వచ్చిందని చెప్పాడు.

పరకాల_నుంచి_మిషిగన్:

సార్, ఇప్పుడు కథ మారింది. ఎన్ అంటే నాలుగు గొట్టాల కార్బురేటర్ ఉన్న 383 ఇంజన్. చివర ఉన్న బీ అంటే డెట్రాయిట్ పక్కనున్న హామ్‌ట్రామ్క్ ఫ్యాక్టరీ. ఈ కారు పుట్టింది 383తో. మధ్యలో ఎప్పుడో ఆ ఇంజన్ పోయి, ఎవరో 318 తెచ్చి పెట్టారు. 383 పెద్ద బ్లాకు, 318 చిన్న బ్లాకు. ఒకదాని చోట ఇంకొకటి కూర్చోవాలంటే ఇంజన్ మౌంట్లూ గేరుబాక్సూ కూడా మార్చే ఉంటారు. నంబరు పలక నిజమైనదేనా అన్నది కూడా చూడాలి. రేడియేటర్ బిగించే అడ్డ రేకు మీద కారు నంబరులోని చివరి భాగం గుద్ది ఉంటుంది, అది పలకతో కలవాలి. కలిస్తే ఇది 383 ఎస్‌ఈ ఊదా రంగు కారు. 318 ఎస్‌ఈ కంటే కచ్చితంగా మెరుగే. కానీ దానికి నిజంగా విలువ తెచ్చే ఒక్క వస్తువు, ఆ కారుతో పాటు పుట్టిన ఇంజన్, ఇప్పుడు అందులో లేదు. మరో 383 తెచ్చి పెట్టవచ్చు, అది నడుస్తుంది, కానీ పుట్టుక నాటి ఇంజన్ అని రాసి అమ్మడానికి వీలుండదు.

పెద్దాయనను ఒక్క మాట అడగమనండి: పాత ఇంజన్ ఏమైంది? ఇలాంటి షెడ్లలో టార్పాలిన్ కింద ఏముంటుందో చెప్పలేం.

ఆటోనగర్_వరంగల్:

అడగకుండా మాత్రం వదలొద్దు సార్. నా హెచ్‌టీ అసలు కార్బురేటర్లు కూడా ఏడాది తరువాత అదే మిల్లు అటక మీద దొరికాయి.

సుబేదారి_నివాసి:

అడిగించాను. 1978లో రోడ్డు మీద కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు పగిలిపోయిందట, పాత ఇనుము వాళ్లకు ఇచ్చేశారట. ఆ సంగతి తాను దాచలేదనీ, ఎవరూ అడగలేదనీ పెద్దాయన అన్నారు. అడ్డ రేకు మీది నంబరు పలకతో కలిసింది. ఆటోనగర్ వారి లెక్క ప్రకారం మావాడు అక్కడి రేకు పని చేసే ఒక షాపులో అంచనా వేయించాడు. కింది రెయిళ్లకూ, పైకప్పుకూ కలిపి వాళ్లు చెప్పిన మొత్తమే పెద్దాయన అడిగిన ధరను దాటిపోయింది. ఇంజన్, గేరుబాక్సు, సీట్లు అందులో లేవు.

మావాడు 6,000 డాలర్లకు అడిగాడు. రంగు కోసం, ఎస్‌ఈ సామాను కోసం అంతవరకు పెట్టవచ్చని కరీంనగర్ వారి మాట వాడికి నచ్చింది. పెద్దాయన కోప్పడలేదు, ఆలోచించి చెబుతానన్నారట. ఒప్పుకుంటే కారు వాడిది, లేకపోతే వాడికి వేరే కారు దొరుకుతుంది. స్లాబు డబ్బులో మిగతాది మాత్రం వచ్చే వారం పంపుతున్నాడు.